వంశవృక్షం ఒక్కటే ఇస్తే సరిపోదు: ఇంటి కాగితాలు యూనివర్సిటీకి ఎలా అప్పగించాలి

వంశవృక్షం గీయించి, రంగుల్లో ప్రింటు తీయించి, పెళ్ళిలోనో సంవత్సరీకంలోనో చుట్టాలందరికీ పంచేవాళ్ళు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలామందే ఉన్నారు. మంచి పనే. కానీ ఆ చార్టు చుట్టుకుని వెళ్ళి యూనివర్సిటీ లైబ్రరీలో ఇస్తే దాంతో వాళ్ళు చేయగలిగింది పెద్దగా ఉండదు, ఎందుకంటే అందులో పేర్లుంటాయి గానీ ఆ పేరు మీకు ఎక్కడ దొరికిందో, ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశారో ఉండదు. మీ ముత్తాత పేరు మీకు ముఖ్యం. రేపు ఈ ప్రాంతం గురించి పరిశోధన చేసేవాళ్ళకి ఆ పేరున్న శిస్తు రశీదు ముఖ్యం, ఆయన ఎంత భూమి చేసేవాడో, ఏ జమీందారీ ఎస్టేటుకి కట్టేవాడో అందులో ఉంటుంది కాబట్టి. అందుకని చార్టు చివర్లో గీద్దాం, ముందు కాగితాలు, మనుషుల మాటలు పోగేద్దాం.

మొదట చేయాల్సింది: ఏదీ సర్దకండి

అటక మీద పెట్టె దించగానే అందరూ చేసే పని దులిపి, విడదీసి, పనికొచ్చేవి ఒక పక్క, పనికిరానివి ఒక పక్క పెట్టడం. అది చేయొద్దు. పెట్టె తెరిచిన వెంటనే ఎలా ఉందో అలా ఫోనుతో ఫొటో తీయండి, ఒక్కో కట్ట బయటికి తీసినప్పుడల్లా మళ్ళీ తీయండి, దారంతో కట్టి ఉన్నవి ఒకే కట్టగానే ఉంచండి. ఏ కాగితం ఏ కాగితంతో కలిసి ఉంది అన్నది కూడా సమాచారమే. ఒక మనియార్డరు రశీదు, ఒక కోర్టు నోటీసు, ఒక పెళ్ళి శుభలేఖ కలిపి ఒకే గుడ్డలో మూట కట్టి ఉన్నాయంటే ఎవరో ఏదో కారణంతోనే కట్టారు, ఆ కారణం మీకు ఇప్పుడు తెలియకపోవచ్చు.

తర్వాత ఒక మామూలు లాంగ్ నోటుబుక్కు తీసుకుని పెట్టెకి ఒక నంబరు, కట్టకి ఒక నంబరు, కాగితానికి ఒక నంబరు వేసుకుంటూ రాయండి. మొదటి పెట్టె, మూడో కట్ట, పన్నెండో కాగితం అంటే 01-03-012. దాని పక్కన అది ఎవరింట్లో దొరికింది, అంతకుముందు ఎవరి దగ్గర ఉండేది, మీకు ఏ రోజు ఇచ్చారు, ఇంతే. కాగితం మీద మాత్రం పెన్నుతో ఏమీ రాయకండి.

ఇక ఏవి ఉంచాలి అంటారా? దస్తావేజులు, పారీకత్తులు (ఆస్తి వాటాల పంపకం పత్రాలు), వీలునామాలు అందరూ ఎలాగూ దాస్తారు, తగువుల భయంతో అయినా. పారేసేవి వేరే ఉంటాయి, వాటి గురించి చెప్తాను. పెళ్ళిలో చదివింపులు రాసిన పుస్తకం ఉంటుంది చూడండి, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చి ఎంత చదివించారో వరసగా రాసింది, అంతకంటే మంచి చుట్టరికాల జాబితా ఏ ఆఫీసులోనూ దొరకదు. తద్దినాల తిథులు రాసుకున్న చీటీ. పురోహితుడి చేత రాయించిన జాతకాలు. రంగం, అంటే బర్మాలోని రంగూన్ నుంచి వచ్చిన ఉత్తరాలు, ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన మనియార్డరు కూపన్లు, నెల్లిమర్ల జూట్ మిల్లు జీతం చీటీలు, పాత రేషన్ కార్డులు, స్కూలు టీసీలు, కిరాణా కొట్టు ఖాతా పుస్తకాలు, ఫొటో వెనక స్టూడియో ముద్ర. స్టాంపు కాగితమైతే ముందు పక్క ఒక్కటే చూసి వదిలేయొద్దు, వెనక పక్క స్టాంపు వెండరు రాసిన రెండు లైన్లలో కొన్నవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ ఉంటాయి, చాలాసార్లు దస్తావేజు లోపల ఉన్నదానికంటే అదే స్పష్టంగా ఉంటుంది.

పాత పత్రికలు దొరికితే, వాటిలో కథలుంటే, వాటికి శ్రీకాకుళంలోనే ఒక చోటుంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం. కుటుంబ కాగితాలకి అది చోటు కాదు గానీ, ఒక మనిషి పట్టుబట్టి ఇళ్ళల్లో, లైబ్రరీల్లో ఉన్న పాత పత్రికలు ఒక్కొక్కటీ సంపాదించి ఏం కట్టగలడో చూడ్డానికైనా ఒకసారి వెళ్ళి రండి.

పెద్దవాళ్ళ దగ్గరికి ముందే వెళ్ళండి

కాగితాలు ఇంకో ఆరు నెలలు ఆగుతాయి. మామ్మగారు ఆగకపోవచ్చు. కాబట్టి పెట్టె నంబర్లు పూర్తయ్యాక వెళ్దాం అనుకోకుండా రెండూ ఒకేసారి నడిపించండి.

ఫోను రికార్డర్ చాలు. ఫ్యాను ఆపించండి, టీవీ ఆపించండి, రికార్డింగు మొదట్లో మీ గొంతుతోనే తేదీ, ఊరు, మాట్లాడుతున్నది ఎవరు, మీకు ఏమవుతారు అని చెప్పండి. "ఇది రికార్డు చేస్తున్నాను, తర్వాత యూనివర్సిటీలో పెడతాను, మీకు సమ్మతమేనా" అని అడిగి, ఆ జవాబు కూడా రికార్డు అయ్యేలా చూడండి. "ఏటికిరా ఇవన్నీ ఇప్పుడు?" అంటారు. అననివ్వండి, కాసేపు అయ్యాక వాళ్ళే మొదలుపెడతారు.

"మీ తాత పేరేంటి" అని మొదలుపెడితే మూడు పేర్లు చెప్పి ఆగిపోతారు. ఇలా అడగండి: మీ అత్తగారిది ఏ ఊరు, మీరు కాపురానికి వచ్చేసరికి ఇంట్లో ఎంతమంది ఉండేవారు, ఎవరి తద్దినం ఏ నెలలో పెట్టేవారు, ఏ చెరువు కింద మీ మడులు, సిరిమాను పండక్కి విజయనగరంలో ఎవరింట్లో దిగేవారు. చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, తెగిపోయిన చుట్టరికాలు అక్కడే బయటపడతాయి. తర్పణాలు వదిలే అలవాటున్న ఇళ్ళల్లో తండ్రి, తాత, ముత్తాత పేర్లు నోటికి వస్తాయి, ఆడవాళ్ళ వరస కూడా అదే లెక్కన తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి దాకా వస్తుంది. అలవాటు లేని ఇళ్ళల్లో ఆ పేర్లు సమాధుల దగ్గర, అమ్మవారి మొక్కుల్లో, పాత గొడవల్లో వెతకాలి.

సంవత్సరం అడిగితే ఎవరూ చెప్పరు. జపాను వాళ్ళు విశాఖపట్నం మీద బాంబులు వేసినప్పటికి పుట్టారా, అని అడిగితే చెప్తారు. అది 1942 ఏప్రిల్ 6. అదే ఏడాది బర్మా నుంచి జనం నడిచొచ్చారు, మన రెండు జిల్లాల్లోనూ ఆ కథ లేని ఊళ్ళు తక్కువ. ఎస్టేట్లు పోయిన రోజులు, విజయనగరం జిల్లా అయిన ఏడు, కరణాలు పోయిన ఏడు, తిత్లీ తుపాను, ఇవన్నీ మేకుల్లా పనికొస్తాయి, మిగతా విషయాలు వాటికి తగిలించుకోవచ్చు.

వాళ్ళ మాటని శుభ్రమైన పుస్తక తెలుగులోకి మార్చి రాసేయకండి. రికార్డింగు అలాగే ఉండాలి, రాసిన ప్రతి కూడా వాళ్ళు అన్నట్టే ఉండాలి. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు మనిషి మాట్లాడే భాష కోసం జీవితమంతా పోరాడారు, ఆయన జిల్లా వాళ్ళమై ఉండి మనమే దిద్దేస్తే ఎలా?

తేదీలు, జిల్లాలు: ఇక్కడే అందరూ తప్పుతారు

పాత కాగితంలో మూడు రకాల లెక్కలు కనిపిస్తాయి. ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటే 590 కలపండి: ఫసలీ 1360 అంటే 1950 జూలై నుంచి 1951 జూన్ దాకా. శాలివాహన శకం అయితే 78 కలపండి. వట్టి తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అది అరవై ఏళ్ళకోసారి తిరుగుతుంది కాబట్టి జాగ్రత్త. వికృతి అని ఉంటే 1950-51 కావచ్చు, 1890-91 కావచ్చు. స్టాంపు మీద రాజు బొమ్మ, రూపాయల లెక్క, చేతిరాత తీరు చూసి ఏదో తేల్చుకోండి, తేలకపోతే రెండూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. మార్చిన తేదీతో పాటు కాగితం మీద ఉన్న తేదీ కూడా అక్షరం మార్చకుండా రాయాలి.

జిల్లాల సంగతి ఇంకా గందరగోళం. పార్వతీపురంలో ఒకే ఇంట్లో నాలుగు తరాలు కదలకుండా ఉన్నా కాగితాల్లో నాలుగు జిల్లాలు కనిపిస్తాయి: 1950 దాకా విశాఖపట్నం, తర్వాత శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం. శ్రీకాకుళం పట్టణమూ, ఇచ్ఛాపురమూ 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా గంజాం జిల్లాలో ఉండేవి, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం. అంటే మీ తాతగారి తాత శ్రీకాకుళం వాడైతే ఆయన కోసం గంజాం జిల్లా రికార్డులు చూడాలి, అది కూడా చికాకోల్ అన్న పేరు కింద. ఇంగ్లీషు రికార్డుల్లో శ్రీకాకుళం అని వెతికితే ఏమీ దొరకదు.

ఊరి పేరు ఒక్కటే రాస్తే ఎవరికీ అర్థం కాదు. కొత్తవలసలు, పాలవలసలు, పేటలు, పుట్టుగలు మన దగ్గర ఎన్నున్నాయో మీకు తెలుసు. ఊరు, ఇప్పటి మండలం, 1985కి ముందున్న తాలూకా, ఎస్టేట్ల కాలంలో ఏ జమీందారీ కిందది, ఈ నాలుగూ రాయండి. విజయనగరమా, బొబ్బిలా, టెక్కలా, మందసా, పర్లాకిమిడా, కురుపామా అన్నది తెలిస్తేనే తర్వాత ఏ రికార్డు అడగాలో తెలుస్తుంది.

ఆఫీసుల్లో ఏమి దొరుకుతుంది

ఇంట్లో ఉన్నది అయ్యాక బయటికి వెళ్ళండి. దగ్గరివి ముందు.

స్కూలు అడ్మిషన్ రిజిస్టరు పారేయకూడని రికార్డు. ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు పాతదైతే మీ తాతగారి తరం అందులోనే ఉంటుంది, తండ్రి పేరు, పుట్టిన తేదీతో సహా. ఆ పుట్టిన తేదీని మాత్రం నమ్మకండి, చాలావరకు మాస్టారు వేసింది. జులై 1 అని ఉంటే మరీనూ.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) కంప్యూటర్లో తీస్తే మామూలుగా 1983 నుంచే వస్తుంది. అంతకుముందు వాటికి చేత్తో వెతికించాలి, దానికి పేర్ల ఇండెక్సు వేరు, ఆస్తుల ఇండెక్సు వేరు. భూమి అమ్మకాలు, పారీకత్తులు ఉండే ఒకటో పుస్తకం నకలు ఫీజు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, వీలునామాలుండే మూడో పుస్తకం నకలు మాత్రం రాసినవాడు బతికుండగా అలా ఇవ్వరు. పారీకత్తు దొరికిందంటే పండగే, ఎవరెవరికి ఎవరు కొడుకులో, ఎవరికి పిల్లలు లేరో, ఎవరికి దత్తత ఇచ్చారో అందులో రాయక తప్పదు కదా. కోర్టు దావాల్లో కూడా వంశావళి జతచేసేవారు. అన్నదమ్ములు కొట్టుకున్న ఇళ్ళకే చరిత్ర బాగా మిగిలింది అనిపిస్తుంది ఒక్కోసారి.

భూమి రికార్డుల్లో మనకి ముఖ్యమైన గీత 1948 ఎస్టేట్ల రద్దు చట్టం. అంతకుముందు మన రెండు జిల్లాల్లో ఎక్కువ భాగం జమీందారీ కాబట్టి సర్కారు దగ్గర రైతు పేరుతో లెక్క ఉండదు, ఎస్టేటు కచేరీలోనే ఉండేది. రద్దయ్యాక సర్వే చేసి తయారుచేసిన సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్లో, అంటే ఊరి భూముల రిజిస్టరులో, మొదటిసారి చాలా కుటుంబాల పేరు సర్వే నంబరుతో కనిపిస్తుంది. తహశీల్దారు ఆఫీసులో నకలు అడగండి. ఇనాం భూమి, అంటే శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో ఇచ్చిన మాన్యం, ఉన్న కుటుంబాలైతే అంతకంటే వెనక్కి వెళ్ళొచ్చు: 1858లో మొదలైన ఇనాం కమిషన్ తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో ఇనాము ఎవరికి ఇచ్చారు, అప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ళ వయసెంత, వారసులెవరు అని కాలమ్‌లు కట్టి రాశారు. పూజారులు, కరణాలు, మంగలి, చాకలి, వెట్టి, ఇలా సర్వీసు ఇనాములున్న చాలా వృత్తుల వాళ్ళ పేర్లు అందులో ఉంటాయి, బ్రాహ్మణ అగ్రహారాలకే అనుకోకండి.

జిల్లా స్థాయి పాత రికార్డులకి మద్రాసు, అంటే ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్. 1953కి ముందు మనం మద్రాసు రాష్ట్రమే కాబట్టి ఇది తప్పదు. వెళ్ళేముందు కార్మైకేల్ 1869లో రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, మాల్ట్‌బీ 1882 గంజాం మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907 గెజిటీరు చదువుకోండి, మీ ఊరి ఎస్టేటు చరిత్ర అర్థమవుతుంది. ఇవి దొరల కళ్ళతో రాసినవి అన్న సంగతి మర్చిపోకుండా చదవాలి.

ఒక హెచ్చరిక. శ్రీకూర్మం, ముఖలింగం గుళ్ళల్లో శాసనాలున్నాయి, దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటంలో అచ్చయ్యాయి. అందులో ఒక దాత పేరు మీ ఇంటిపేరులా కనిపించిందని వంశవృక్షాన్ని ఏడొందల ఏళ్ళు వెనక్కి లాగేయకండి. మధ్యలో ఉన్న ఇరవై తరాలకి ఒక్క కాగితం కూడా లేనప్పుడు అది సరదా కబురు మాత్రమే.

పెట్టే లేని ఇళ్ళు

ఇప్పటిదాకా చెప్పింది భూమి, చదువు ఉన్న ఇళ్ళకి సరిపోతుంది. కంబారిగా, అంటే పాలేరుగా, ఉన్నవాడి ఇంట్లో, వలస పోయినవాడి ఇంట్లో దస్తావేజు ఎక్కడుంటుంది? వాళ్ళ చరిత్ర ఇతరుల కాగితాల్లో ఉంటుంది. యూనివర్సిటీలకి నిజానికి తక్కువగా ఉన్నవి ఈ చరిత్రలే, కాబట్టి మీ కుటుంబం అలాంటిదైతే "మా దగ్గరేముంది" అని ఊరుకోవద్దు.

వలస రికార్డులు చూడండి. 1860 నుంచి 1911 దాకా నేటాల్‌కి, అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాకి, ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళ ఓడ జాబితాల్లో ఒక్కొక్కరికి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ దాకా రాసి ఉంటాయి. అందులో గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్ళూ ఉన్నారు. ఫిజీకి మద్రాసు నుంచి 1903 మొదలుకొని తీసుకెళ్ళారు. మారిషస్ కూలీల రిజిస్టర్లు మోకాలో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. పేర్ల స్పెల్లింగు ఘోరంగా ఉంటుంది, రాసినవాడికి తెలుగు రాదు, చెప్పినవాడికి చదువు రాదు, కాబట్టి పేరు కన్నా ఊరు, తాలూకా పట్టుకుని వెతకండి.

క్రైస్తవ కుటుంబాలైతే చర్చి బాప్తిస్మం, పెళ్ళి రిజిస్టర్లు ముందు ఊళ్ళోనే అడగండి. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి, సోంపేట, శ్రీకాకుళం ప్రాంతాల్లో పనిచేసిన కెనడియన్ బాప్టిస్టు మిషన్ కాగితాలు కెనడాలో హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలో ఉన్న ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. లండన్ మిషన్ కాగితాలు లండన్ యూనివర్సిటీకి చెందిన సోయాస్‌లో. ఈమెయిల్ రాస్తే జవాబిస్తారు, కానీ మనిషి పేరు, ఊరు, సుమారు సంవత్సరం ఇవ్వకుండా "మా తాత గురించి చెప్పండి" అంటే ఎవరు మాత్రం ఏం చెప్తారు?

ఇంకో దారి, కులపురాణాలు చెప్పేవాళ్ళు. విశ్వబ్రాహ్మణులకి రుంజ వాయించేవాళ్ళు, ఇతర కులాలకి వాళ్ళ వాళ్ళ ఆశ్రితులు, గోత్రాలూ వంశాలూ పాడతారు. వాళ్ళని రికార్డు చేయండి, డబ్బులివ్వండి, రికార్డింగు మీద వాళ్ళ పేరు వేయండి. వాళ్ళు పాడింది తేదీలకి పనికిరాకపోవచ్చు, కానీ ఏ ఇంటిపేరు వాళ్ళు ఏ ఊరి నుంచి ఎటు జరిగారన్నది తరచూ అక్కడే తెలుస్తుంది. ఇక మందస ఎస్టేటులో 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో వీరగున్నమ్మతో పాటు చనిపోయిన రైతుల ఇళ్ళ లాంటివి, 1967-70 గిరిజన పోరాటం చూసిన ఊళ్ళు, వీటిలో పోలీసు రికార్డు ఒక కథ చెప్తుంది, ఇంట్లో వాళ్ళు ఇంకో కథ చెప్తారు. రెండూ పెట్టండి. ఏది నిజమో మీరు తేల్చక్కర్లేదు.

ఇప్పుడు గీయండి

మన వంశవృక్షం నిజానికి వృక్షంలా ఉండదు. మేనరికాలు ఉంటాయి, అంటే ఒకే మనిషి మామ కొడుకూ అవుతాడు, మొగుడూ అవుతాడు. దత్తతలుంటాయి, ఇల్లరికాలుంటాయి, రెండో పెళ్ళిళ్ళుంటాయి. కాబట్టి బొమ్మ కంటే ముందు పట్టిక చేయండి: ప్రతి మనిషికీ ఒక నంబరు, కన్న తల్లిదండ్రుల నంబర్లు, పెంచిన తల్లిదండ్రుల నంబర్లు వేరుగా, భార్య లేదా భర్త నంబరు, పుట్టింటి ఇంటిపేరు, ఊరు, చివరి కాలమ్‌లో ఈ విషయం ఏ కాగితంలో ఉంది లేదా ఎవరు చెప్పారు. ఆ చివరి కాలమ్ ఖాళీగా ఉన్న వరస పట్టికలో ఉండొచ్చు గానీ, పక్కన "వినికిడి" అని రాయాలి.

కోడళ్ళని "శ్రీమతి" అని ఒక్క ముక్కతో ముగించేసిన వంశవృక్షాలు ఎన్నో ఉన్నాయి. దయచేసి అలా చేయకండి. ఆమె పేరు, పుట్టిల్లు, ఆమె తల్లి పేరు రాస్తే ఇంకో కుటుంబానికి తలుపు తెరుచుకుంటుంది. ఆడపిల్లల పిల్లల్ని కూడా రాయండి.

సాఫ్ట్‌వేర్ కావాలంటే గ్రాంప్స్ ఉచితం, తెలుగు యూనికోడ్‌లో పేర్లు తీసుకుంటుంది. డీటీపీ సెంటరులో అను ఫాంట్లలో కొట్టించిన పాత వంశచరిత్ర పుస్తకం ఫైలు మీ దగ్గరుంటే యూనికోడ్‌లోకి మార్పించండి, లేకపోతే రేపు ఏ కంప్యూటర్లోనూ అందులో ఒక్క పేరు కూడా వెతకలేరు. మార్చాక అక్షరం అక్షరం సరిచూడాలి, ఒత్తులు, అరసున్నాలు ఎగిరిపోతాయి.

కాగితం చేతిలో ఉన్నంతకాలం

లామినేషన్ వద్దు. సెల్లో టేపు వద్దు. గుండుసూదులు, స్టేపులు మెల్లగా తీసేయండి, సముద్రపు గాలికి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. కలరా ఉండలు పెట్టెలో వేయకండి. తాటాకు గ్రంథాలైతే వంచకండి, తడిగుడ్డతో తుడవకండి, ఎవరో చెప్పారని నూనె రాయకండి, రెండు చెక్కల మధ్య నూలు దారంతో వదులుగా కట్టి అలాగే నిపుణులకి చూపించండి.

స్కాను చేస్తే రాతకాగితాలకి 400 డీపీఐ, ఫొటోలకి 600, టిఫ్ ఫైలుగా. స్కానర్ లేకపోతే కిటికీ పక్క పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకుని, పక్కన ఒక స్కేలు పెట్టి తీయండి. ప్రతి కాగితానికీ రెండు వైపులా. వాట్సాప్‌లో పంపిన ఫొటో ఆర్కైవ్స్‌కి పనికిరాదు, అది పంపేటప్పుడే నలిగిపోతుంది.

తుపాన్ల సంగతి వేరే చెప్పాలా? పైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. ఉద్దానం వైపు వాళ్ళయితే సెప్టెంబరు అయ్యేలోపు పెట్టెని పెంకుటింటి అటక మీద నుంచి దించి, నేల మీదా కాకుండా, స్లాబు ఇంట్లో ఇనుప బీరువా మధ్య అరలో పెట్టండి. తడిసిపోతే ఎండలో పరవకండి, అంటుకున్న కాగితాల్ని లాగకండి, నీడలో ఫ్యాను కింద మామూలు తెల్ల కాగితాల మధ్య ఆరబెట్టండి. మరీ ఎక్కువుంటే ప్లాస్టిక్ కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో పెడితే బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు.

అప్పగించడం

మన దగ్గర 1926లో పెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, దాని డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ఉంది. ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది. ఎక్కడికైనా ముందు ఉత్తరం రాయండి, లైబ్రేరియన్ పేరిట ఒకటి, చరిత్ర శాఖకి ఒక నకలు. రెండు పేజీలు చాలు: ఏ కుటుంబం, ఏ ఊరు, ఏ కాలం, ఎన్ని కాగితాలు, ఏ భాషలు, ఎలాంటి స్థితిలో ఉన్నాయి, మీ నోటుబుక్కులోని జాబితా జతగా.

వెళ్ళినప్పుడు మొహమాటం లేకుండా అడగాల్సినవి అడగండి. వచ్చినవాటిని రాసుకునే రిజిస్టరు ఉందా? రశీదు ఇస్తారా? ఎక్కడ పెడతారు, చెదల మందు ఎప్పుడు కొడతారు, ఎవరు చూడొచ్చు? స్కాను చేసుకుని తిరిగి ఇచ్చే పద్ధతి ఉందా? ఉంటే నా సలహా అదే, మొదటిసారి నకళ్ళు ఇవ్వండి, నడత చూసి తర్వాత అసలు ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యం, కాగితాలు సంస్థకి ఇవ్వాలి, మనిషికి కాదు. ప్రొఫెసరు గారు ఎంత మంచివారైనా, ఆయన గదిలో బీరువాలో పెట్టిన కట్ట ఆయన రిటైరయ్యాక ఎవరి బాధ్యతా కాదు.

దానపత్రం రాయండి. అసలు ఇస్తున్నారా నకలా, స్కాను ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా, ఏవి ఎన్నేళ్ళు మూసి ఉంచాలి, యూనివర్సిటీకి అక్కర్లేదు అనుకుంటే ఎవరికి తిరిగి ఇవ్వాలి, ఈ నాలుగూ ఉండాలి. ఇవ్వడానికి ముందు వాటాదారులైన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ సంతకాలు తీసుకోండి, లేకపోతే పదేళ్ళ తర్వాత ఎవరో వచ్చి అసలు దస్తావేజు కావాలంటారు. అమల్లో ఉన్న భూమి కాగితాల అసళ్ళు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి, స్కాన్లు చాలు. కరణం గారి ఇంట్లో మిగిలిపోయిన గ్రామ లెక్కలు, 1984లో ఆ ఉద్యోగాలు రద్దయినప్పుడు అప్పగించకుండా ఉండిపోయినవి, నిజానికి సర్కారు రికార్డులు, కాబట్టి ఆ సంగతి పత్రంలో దాచకుండా రాయండి.

చట్టం రెండు చోట్ల అడ్డొస్తుంది. ఉత్తరం కాగితం మీదే అయినా అందులో రాత హక్కు రాసినవాడిది, ఆయన పోయాక ఆయన వారసులది. చదవనివ్వడం వేరు, అచ్చు వేయడం వేరు. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న డెబ్బై అయిదేళ్ళు దాటిన రాతప్రతి 1972 చట్టం ప్రకారం పురావస్తువు, అమెరికాలో ఉన్న అబ్బాయి సూట్‌కేసులో పెట్టి పంపించేయడం కుదరదు.

బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు, ఆధార్, బ్యాంకు వివరాలు తీసేసి ఇవ్వండి. దత్తత రహస్యాలు, వేరే కులంలో చేసుకున్న పెళ్ళిళ్ళు, ఇంట్లోంచి వెళ్ళిపోయినవాళ్ళు, ఇవి ఆ మనిషినో వాళ్ళ పిల్లల్నో అడగకుండా తెరవకూడదు. ఇంకొకటి, దీని గురించి తక్కువమంది ఆలోచిస్తారు. మీ పెట్టెలో ఉన్న ప్రోనోట్లు, కంబారిగా కుదిరిన కాగితాలు ఇంకో కుటుంబం చరిత్ర కూడా. అప్పు తీసుకున్నవాడి మనవలు ఇప్పుడు అదే ఊళ్ళో ఉన్నారు. ఆ కాగితాలు పారేయకండి, అందులోని మాటలు కించపరిచేవైనా దిద్దకండి, కానీ పేర్లతో ఇంటర్నెట్‌లో పెట్టేముందు వాళ్ళకి ఒక నకలిచ్చి మాట్లాడండి. వాళ్ళ ఇంట్లో లేని తాత సంతకమో వేలిముద్రో మీ ఇంట్లో ఉంది మరి.

అప్పగించిన రోజు రశీదు మీద లైబ్రరీ వాళ్ళ రిజిస్టరు నంబరు, తేదీ, ముద్ర ఉన్నాయో లేదో చూసుకుని తీసుకోండి. ఆ నంబరు మీ పట్టికలో చివరి కాలమ్ పక్కన ఎక్కించండి. స్కాన్లు రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఊళ్ళల్లో ఉంచండి, ఒక ప్రింటు ప్రతి ఊరి లైబ్రరీకో హైస్కూలుకో ఇవ్వండి. ఆర్నెల్లకి ఒకసారి వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా మామూలు పాఠకుడిలా ఆ నంబరు చెప్పి కట్ట అడగండి, బల్ల మీదకి వచ్చిందంటే పని అయినట్టు, రాలేదంటే రశీదు చూపించి మళ్ళీ మొదలుపెట్టాలి.